పర్యావరణ సర్వే ఉద్యోగాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ ఈ ఏడాదే అయింది. గనులకు, పరిశ్రమలకు పర్యావరణ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీల్లో జీవవైవిధ్యం పని చేయాలని ఉంది. ఎక్కడ అడిగినా "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అంటున్నారు. పనే ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్నించి వస్తుంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ ఆఫీసులో మీ కుర్చీ ఏదో తెలుసుకోండి. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ జాబితాలో ఉన్న ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ఆ నివేదిక రాసే సంస్థకు క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కిందున్న నాబెట్ గుర్తింపు ఉండాలి. గాలి, నీరు, శబ్దం, భూగర్భజలాలు, ఇలా ఒక్కో విషయానికి సంస్థలో ఒక ఫంక్షనల్ ఏరియా ఎక్స్‌పర్ట్ ఉంటారు. మీ విషయం ఎకాలజీ అండ్ బయోడైవర్సిటీ. వాడుకలో 'ఈబీ' అంటారు. కొత్తవాళ్లు ఆ ఎక్స్‌పర్టు చేతికింద అసోసియేట్‌గానో, ఫీల్డ్ అసిస్టెంటుగానో చేరతారు. మిమ్మల్ని ఒంటరిగా ఒక చెరువు గట్టున దింపి వెళ్తే సాయంత్రానికి నమ్మదగిన కాగితం తెస్తారా అన్నది ఆ ఎక్స్‌పర్టుకు కావాలి. అది తేగలమని ఉద్యోగం లేకుండానే చూపించవచ్చు.

సైకిలు మీద వెళ్లగలిగే దూరంలో ఒక చెరువో, తిప్పో ఎంచుకోండి. 250 మీటర్ల ఎడంతో నాలుగు చోట్లు గుర్తుపెట్టుకోండి. వారానికి రెండుసార్లు, పొద్దు పొడిచిన మూడు గంటల్లోపు, ఒక్కో చోట సరిగ్గా 10 నిమిషాలు నిలబడి కనిపించిన పక్షినీ, వినిపించిన పక్షినీ లెక్కతో సహా రాయండి. అవే జాబితాలు పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్లో 'కంప్లీట్ చెక్‌లిస్ట్'గా (గుర్తించిన ఏ పక్షినీ వదలని జాబితాగా) ఎక్కించండి. ఆరు నెలలు తప్పకుండా చేస్తే నాలుగు చోట్లకూ కలిపి రెండు వందలకు పైగా జాబితాలవుతాయి. తేదీ, సమయం, చోటు, పట్టిన శ్రమ అన్నీ ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనండి. మీకు కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు దగ్గరే. హైదరాబాద్ వైపు వాళ్లకు దక్కన్ బర్డర్స్ ఉంది. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలైన సంస్థ అది. అలాంటి చోట పెద్దవాళ్ల పక్కన నడిస్తే తప్పు గుర్తింపులు అక్కడికక్కడే సరిదిద్దుకోవచ్చు.

జువాలజీ చదివినవాళ్లు ఎక్కువగా ఒక సంగతి మరిచిపోతారు. నివేదికలో చాలా పని మొక్కలదే. పక్షులు తెలిసిన అభ్యర్థులు చాలామంది వస్తారు. గడ్డి, పొద, చెట్టు తెలిసినవాళ్లు దొరకడం కష్టం. అందుకే మీకు మా గట్టి సలహా: మీ మండలంలోని 50 మొక్కలకు హెర్బేరియం షీట్లు స్వయంగా తయారుచేయండి. పువ్వు గానీ కాయ గానీ ఉన్న కొమ్మే తీసుకోవాలి. లేకపోతే తర్వాత ఎవరూ నిర్ధారించలేరు. దినపత్రికల మడతల్లో పెట్టి బరువు వేసి, మొదటి నాలుగు రోజులూ రోజూ కాగితం మార్చాలి. వానాకాలంలో రోజుకు రెండుసార్లు మార్చకపోతే బూజు పడుతుంది. ఆరాక 42 × 28 సెంటీమీటర్ల అట్ట మీద కుట్టండి. లేబుల్ మీద ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, మొక్క ఎత్తు, స్థానిక పేరు, మీ వరుస సంఖ్య ఉండాలి. పువ్వు రంగు కోసినప్పుడే రాయండి, ఎండితే రంగు పోతుంది. పొలంగట్లు, బాటపక్కలు చాలు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు. ఒకటే మొక్క కనబడితే ఫొటోతో సరిపెట్టండి. ఏదో తేలకపోతే షీట్లు పట్టుకుని దగ్గరి విశ్వవిద్యాలయం బోటనీ విభాగానికి గానీ, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి గానీ వెళ్లండి.

మూడో పనికి ఖర్చు లేదు. కేంద్ర పర్యావరణ శాఖ 'పరివేష్' పోర్టల్లో అనుమతికి వచ్చిన ప్రాజెక్టుల నివేదికలు, నిపుణుల కమిటీ సమావేశాల మినిట్స్ ఉంటాయి. మీ జిల్లాలోని ఒక ప్రాజెక్టు నివేదిక దించుకోండి. జీవవైవిధ్యం అధ్యాయం చదివి, ఆ జాబితా పట్టుకుని ఆ చోటికే వెళ్లండి. దారి మీద నుంచీ, ఊరి చెరువు నుంచీ ఎంత కనిపిస్తే అంత చూడండి. ఉన్నదేది, రాయనిదేది, ఆ నేలలో ఉండే అవకాశమే లేనిదేది? ఐదు పేజీల్లో రాయండి. ఉద్యోగం అడిగేటప్పుడు సర్టిఫికెట్ల కట్ట కంటే ముందు ఈ ఐదు పేజీలు పెట్టండి. తప్పు పట్టే గొంతుతో మాత్రం రాయకండి. ఆ నివేదిక రాసినాయన రేపు మీ ఇంటర్వ్యూలో కూర్చోవచ్చు.

ఇక ఎప్పుడు అడగాలి? చాలా ప్రాజెక్టులకు బేస్‌లైన్ డేటాను (ప్రాజెక్టు రాకముందు అక్కడున్న పరిస్థితి వివరాలను) వానాకాలం కాని ఒక సీజన్లో తీస్తారు. కాబట్టి అక్టోబరుకు ముందు, మార్చికి ముందు ఫీల్డ్ బృందాలు కుదురుతాయి. ఆగస్టు చివర్లోనూ, జనవరిలోనూ అడగండి. నాబెట్ వెబ్‌సైట్లో గుర్తింపు పొందిన సంస్థల జాబితా ఉంటుంది. హెచ్‌ఆర్‌కు కాకుండా ఈబీ ఎక్స్‌పర్టుకు నేరుగా రాయండి. "ప్రకృతి అంటే ప్రాణం" లాంటి వాక్యాలు వద్దు. ఏ పద్ధతి, ఎన్ని రోజులు, ఏ జీవజాతి వర్గం, ఒంటరిగానా బృందంతోనా అని చిన్న పట్టిక ఇవ్వండి. జీతం లేని ఇంటర్న్‌షిప్ అయితే ప్రయాణం, బస, భోజనం వాళ్లవేనా, నెలలో ఎన్ని రోజులు ఫీల్డు అని ముందే అడగండి. మూడు నెలలూ ఆఫీసులో కూర్చోబెట్టి టైపింగ్ చేయిస్తామంటే ఆ మూడు నెలలు మీ చెరువు గట్టునే గడపడం మేలు. ముగిశాక ఇచ్చే లెటర్‌లో ప్రాజెక్టు రకం, తేదీలు, ఫీల్డు రోజులు, మీరు చేసిన పని స్పష్టంగా రాయించుకోండి. "సంతృప్తికరంగా పనిచేశారు" అన్న ఒక్క ముక్క తర్వాత ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: ఒక కన్సల్టెన్సీలో చేరి మూడు నెలలైంది. ప్రాజెక్టు చుట్టూ ఉన్న పది కిలోమీటర్ల బఫర్ జోన్‌కు ఒక్క రోజు పంపారు. మిగతా జాతులన్నీ పాత రిపోర్టు నుంచి తెచ్చి పెట్టేయమంటున్నారు. కొత్తవాణ్ని, కాదంటే ఉద్యోగం పోతుందేమో.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ భయం మాకు అర్థమవుతోంది. అయినా ఈ విషయంలో మెత్తగా చెప్పలేం. చూడనిదాన్ని చూసినట్టు రాయకండి.

పాత రిపోర్టు వాడటం దానంతట అది నేరం కాదు. అడవిశాఖ వర్కింగ్ ప్లాన్లు, ప్రచురిత పరిశోధనలు, పాత నివేదికలు సెకండరీ డేటా. వాటిని అలాగే చెప్పి వాడొచ్చు. పట్టికలో ఒక కాలమ్ అదనంగా పెట్టండి: 'ప్రత్యక్షంగా చూసినది', 'ఆనవాలు', 'గ్రామస్తులు చెప్పినది', 'గ్రంథాధారం'. ప్రతి జాతికీ ఈ నాలుగింటిలో ఒకటి, దాని పక్కన తేదీ, చోటు. ఈ ఒక్క కాలమ్‌తో నివేదిక నిజాయితీ సగం నిలబడుతుంది. పై అధికారికి కూడా ఇది ఎదురు తిరిగినట్టు ఉండదు. "కమిటీ అడిగితే చూపించడానికి బాగుంటుంది సార్" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

ఒప్పుకోకపోతే ఈఐఏ నోటిఫికేషన్లోని 8వ పేరా చూపించండి. తెలిసీ తప్పుడు సమాచారం ఇస్తే దరఖాస్తు తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతిని కూడా రద్దు చేయవచ్చు. రత్నగిరి జిల్లాలోని ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యా గని నివేదికలోని భాగాలు యథాతథంగా బయటపడి దేశమంతా రచ్చ అయింది. కాపీ దొరకదనుకోవడం పొరపాటు. ఆ నేలలో పెరగని చెట్టు పేరు ఒక్కటి చాలు.

కాపీలో ఇప్పుడు ఎక్కువగా పట్టుబడేది షెడ్యూళ్ల దగ్గర. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972కు 2022లో సవరణ జరిగి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి. పాత రిపోర్టులో నాలుగో షెడ్యూల్లో ఉన్న నక్షత్ర తాబేలు ఇప్పుడు ఒకటో షెడ్యూల్లో ఉంది. ఒకటో షెడ్యూలు జంతువు ఉంటే దానికి సంరక్షణ ప్రణాళిక, బడ్జెట్ రాయాలి. అంటే పాత పట్టిక అతికిస్తే ఒక జంతువుకు దక్కాల్సిన రక్షణే కాగితం మీద నుంచి మాయమవుతుంది.

ఒక్క రోజు సర్వే ఎందుకు చాలదో కలివికోడే చెబుతుంది. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. దాని సంగతి అక్కడి వేటగాళ్లకు ముందే తెలుసు. అది రాత్రి తిరిగే పిట్ట. పగలు కలివి పొదల మధ్య ఎంతమంది నడిచినా కనపడదు. తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి అడుగుజాడలు వెతికారు, కెమెరా ట్రాపులు పెట్టారు, మునిమాపు వేళ అరుపు విన్నారు. అలాంటి చోట పగటిపూట వెళ్లొచ్చి 'కనబడలేదు' అని రాస్తే, చదివేవాళ్లు 'లేదు' అనుకుంటారు. అందుకే ఏ పద్ధతి, ఏ వేళ, ఎన్ని గంటలు అన్నది కూడా రాయాలి. వేసవిలో కప్పలు, ఏకవార్షిక గడ్డి దొరకవు. జూన్‌లో వలస బాతులు ఉండవు. ఆ లోటు ఉన్నప్పుడు దాన్ని నివేదికలోనే చెప్పండి.

ఇన్ని చెప్పినా మార్పు లేకపోతే, మీరు నోటుపుస్తకంలో రాసుకున్న అసలు జాబితాను తేదీతో మెయిల్లో పంపి ఉంచండి. వేరేచోట పని వెతకడం మొదలుపెట్టండి. మొదటి రెండేళ్లలో అలవడిన పద్ధతే తర్వాత ఇరవై ఏళ్లు వస్తుంది.

ప్రశ్న: నేను వేసిన క్వాడ్రాట్ (మొక్కలు లెక్కించడానికి నేల మీద గుర్తించే చదరపు గడి) లెక్కలు తప్పని మా సీనియర్ వెనక్కి పంపారు. ఎక్కడ తప్పో చెప్పలేదు. చెట్లకు 10 × 10 మీటర్లు, పొదలకు 5 × 5, గడ్డికి 1 × 1 వేశాను.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కొలతలు సరే. మామూలుగా తప్పేది వేరే నాలుగు చోట్ల.

మొదటిది, చోటు ఎంపిక. బండి ఆగిన చోట, నీడ ఉన్న చోట వేస్తే అడవి చిక్కగా ఉన్నట్టు లెక్క వస్తుంది. ముందురోజే మ్యాపు మీద పాయింట్లు వేసుకుని, జీపీఎస్ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడే తాడు పరచాలి. అది సర్కారు తుమ్మ పొదైనా సరే.

రెండోది, చుట్టుకొలత. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో కొలవాలి. వాలు నేలలో ఎగువ వైపు నిలబడి చూసుకోవాలి. ఆ ఎత్తు కంటే కింద చీలిన కొమ్మలను విడివిడిగా కొలవాలి. క్వాడ్రాట్ హద్దు మీద ఉన్న చెట్టు మొదలు సగానికి మించి లోపలుంటేనే లెక్కలోకి వస్తుంది.

మూడోది, మా అంచనాలో మీ సీనియర్ పట్టింది ఇదే కావచ్చు. ఒక్కో జాతికి సాపేక్ష సాంద్రత, పౌనఃపున్యం, ఆధిక్యం అనే మూడు శాతాలు కలిపితే వచ్చే ఇంపార్టెన్స్ వాల్యూ ఇండెక్స్‌లో, సాపేక్ష ఆధిక్యానికి చుట్టుకొలతలు కూడేస్తారు. కూడాల్సింది కాండం అడ్డుకోత వైశాల్యం: చుట్టుకొలత వర్గాన్ని 4πతో భాగించాలి. 100 సెంటీమీటర్ల వేపకు 796 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. 50 సెంటీమీటర్ల చెట్లు రెండింటికి కలిపి 398 మాత్రమే. చుట్టుకొలతలు కూడితే రెండూ సమానమై, సన్న చెట్ల జాతి పెద్ద చెట్ల జాతితో సమానంగా కనిపిస్తుంది. అన్ని జాతుల ఇండెక్స్ కలిపితే 300 రావాలి. రాకపోతే ఎక్కడో వరుస జారింది.

నాలుగోది, జాతుల వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచిక. సహజ లాగరిథమ్ వాడారా, పది ఆధారంగా ఉన్నదా? రెండింటికీ 2.303 రెట్లు తేడా. ఏది వాడారో రాయకుండా వేరే నివేదికతో పోల్చడం కుదరదు.

హెక్టారుకు మార్చేటప్పుడు ఒకసారి చేత్తో సరిచూసుకోండి. 20 క్వాడ్రాట్లంటే 0.2 హెక్టారు. 64 చెట్లుంటే హెక్టారుకు 320. ఎన్ని వేయాలన్నదానికి, కొత్త జాతులు చేరడం ఆగేదాకా వేసి ఆ గీత గ్రాఫుగా పెట్టండి. గీత ఇంకా పైకే పోతుంటే పని అయిపోలేదు.

ప్రశ్న: మా అనంతపురం వైపు గాలిమరల కంపెనీలు పక్షుల సర్వేకు మనుషుల్ని తీసుకుంటున్నాయంటున్నారు. పవన విద్యుత్తుకు ఈఐఏ అక్కర్లేదు కదా, మరి ఈ సర్వే ఎందుకు? ఏం నేర్చుకుని వెళ్లాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిజమే, గాలిమరలు 2006 నోటిఫికేషన్ జాబితాలో లేవు. కానీ అంతర్జాతీయ రుణదాతలు డబ్బిచ్చే ముందు ఐఎఫ్‌సీ (ప్రపంచ బ్యాంకు బృందంలోని ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్) ఆరో ప్రమాణం ప్రకారం జీవవైవిధ్య అధ్యయనం అడుగుతారు. కొత్తవాళ్లకు ఇది మంచి బడి. ఏళ్ల తరబడి ఒకేచోట పద్ధతిగా చూసే అవకాశం మామూలు ఈఐఏలో దొరకదు.

రెండు పనులుంటాయి. ఒకటి వాంటేజ్ పాయింట్: ఎత్తయిన చోట కూర్చుని రెండు కిలోమీటర్ల దూరం దాకా అర్ధవృత్తంలో ఎగిరే గద్దలు, డేగలు, రాబందుల లాంటి పెద్ద పక్షుల్ని చూడటం. జాతి, సంఖ్య, ఎగిరింది గాలిమర రెక్కల కిందా, రెక్కల ఎత్తులోనా, పైనా, ఎన్ని సెకన్లు అన్నది రాయాలి. స్కాట్లండ్ మార్గదర్శకాల్లో ఒక్కో పాయింటుకు సీజన్‌కు కనీసం 36 గంటలు. మూడు గంటలకు మించి ఏకబిగిన కూర్చోకూడదు, కళ్లు అలిసి పిట్టలు తప్పిపోతాయి. పక్షుల సర్వే అంటే తెల్లవారుజామే అనుకుని వెళ్తే ఇక్కడ పొరపాటు. నేల వేడెక్కి గాలి పైకి లేచే పది గంటల తర్వాతే గద్దలు పైకి ఎగురుతాయి. రోళ్లపాడు లాంటి గడ్డిమైదానాల్లో చలికాలం హారియర్ డేగలు సాయంత్రం నేలమీద గుంపుగా చేరతాయి, ఆ వేళ లెక్క వేరే తీయాలి.

రెండోది మరల కింద కళేబరాలు వెతకడం. నక్కలు, కుక్కలు రాత్రికి రాత్రే ఎత్తుకుపోతాయి కాబట్టి దొరికిన సంఖ్యే చావుల సంఖ్య కాదు. తెలిసిన సంఖ్యలో కోడిపిల్లల కళేబరాలు పెట్టి రోజూ చూస్తూ ఎన్నాళ్లు మిగులుతాయో కొలుస్తారు. పదింటిని దాచి వెతికేవాడు ఆరు కనిపెడితే అతని పట్టు 60 శాతం. ఈ రెండు సవరణలూ లేని లెక్క ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. గబ్బిలాలు మరీ తప్పిపోతాయి. ఎండుటాకులా ఉంటాయి, కాబట్టి నెమ్మదిగా నడవండి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఎకాలజీ ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఇక్కడి కన్సల్టెన్సీల్లో సీజనల్ పనులున్నాయట. భారతీయ విద్యార్థిగా ఎలా ప్రయత్నించాలి?
– ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: మొదట వీసా. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే, అదీ ఉద్యోగిగానే. స్వయం ఉపాధి నిషేధం. అక్కడ గబ్బిలాల సర్వేకు చాలామందిని సబ్‌కాంట్రాక్టుగా పిలుస్తారు. "ఇన్‌వాయిస్ పంపు" అన్నారంటే అది స్వయం ఉపాధే, ఒప్పుకోకండి. పేరోల్ మీద జీరో అవర్ ఒప్పందమైతే (ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ లేని ఉద్యోగమైతే) గంటల పరిమితిలో చేయొచ్చు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసాకు మారితే ఆ అడ్డు పోతుంది.

పని క్యాలెండర్ అంతా జంతువుల మీదే నడుస్తుంది. గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ (బల్లిలా ఉండే ఉభయచరం) సర్వేలు మార్చి మధ్య నుంచి జూన్ మధ్యదాకా. చెరువు నీటిలో దాని డీఎన్ఏ పరీక్షకు నమూనా ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 లోపే. గబ్బిలాలు గూళ్లనుంచి బయటికొచ్చే సర్వేలు మే నుంచి సెప్టెంబరు దాకా, సూర్యాస్తమయానికి 15 నిమిషాల ముందు మొదలవుతాయి. ఈ పనులకు మనుషుల్ని చలికాలంలోనే, జనవరి నుంచి మార్చి లోపు ఎంచుకుంటారు. మేలో దరఖాస్తు పెడితే ఆలస్యమైనట్టే.

డబ్బు లేకుండా మొదటి అనుభవం మీ ఊరి బ్యాట్ గ్రూపులో (గబ్బిలాల కోసం పనిచేసే స్వచ్ఛంద బృందంలో) దొరుకుతుంది. గబ్బిలాలను, న్యూట్‌లను కదిలించడానికి లైసెన్సు కావాలి. దానికి లైసెన్సున్నవాళ్ల దగ్గర శిక్షణ పొందినట్టు రికార్డు చూపాలి. కాబట్టి మొదటి సాయంత్రం నుంచే తేదీ, చోటు, ఎవరి పర్యవేక్షణ, ఏం చేశారు అని లాగ్‌బుక్ రాయండి. అక్కడి ఎకాలజిస్టుల వృత్తి సంస్థ సీఐఈఈఎంలో విద్యార్థి సభ్యత్వం తీసుకోండి. మొక్కల గుర్తింపుకు ఎఫ్ఐఎస్‌సీ అనే ఫీల్డు పరీక్ష ఉంది. 2024 ఫిబ్రవరి 12 నుంచి ఇంగ్లండ్‌లో పెద్ద నిర్మాణాలకు 10 శాతం జీవవైవిధ్య వృద్ధి తప్పనిసరైంది. దాంతో ఆవాసాలను పటం గీసి స్థితి కొలిచేవాళ్ల అవసరం పెరిగింది. డ్రైవింగు వస్తేనే చాలా ఉద్యోగాలు. మన లైసెన్సు మీద అక్కడ 12 నెలలే నడపొచ్చు, వెళ్లగానే అక్కడి పరీక్షకు తయారవండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఈ ఉద్యోగం వచ్చింది. రాత్రిపూట అడవిలో తిరగాలట. పంపాలా వద్దా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అమ్మాయి ఇష్టపడి ఎంచుకున్న పని, పంపండి. కంపెనీని మాత్రం ఇవి అడగమనండి. రాత్రి పనికి ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా పంపుతారా? బీమా ఉందా? ఎన్ని గంటలకు ఫోను రాకపోతే ఎవరు బయల్దేరతారు? పాము కాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదని సైటు పత్రంలో రాసి ఉందా? రిజర్వు అడవికి డీఎఫ్‌వో అనుమతి, అభయారణ్యమైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కాగితం ఆమె చేతిలో ఉండాలి. వెళ్లే ముందు బీట్ ఆఫీసర్‌కు, ఊరి పెద్దలకు చెప్పాలి. ఎలుగుబంట్లున్న గుట్టల్లో తెల్లవారుజామున, మునిమాపున మాట్లాడుకుంటూ నడవాలి. చప్పుడు లేకుండా ఎదురుపడితేనే అది మీద పడుతుంది.

సంచిలో మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రెండు టార్చిలైట్లు, పవర్ బ్యాంకు, చీలమండ దాటే బూట్లు, మోకాలిదాకా గెయిటర్లు (కాళ్లకు కట్టుకునే తొడుగులు) ఉండాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటుమందు ఏదీ వద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఇవేమీ ఏర్పాటు చేయని కంపెనీ అయితే, రాత్రి పనికి రానని చెప్పే హక్కు ఆమెకు ఉందని మీరే ముందుగా ఆమెతో అనండి.